అంగుళాలమ్మ ఓటు

ఆ మార్కెట్ మేడమీద ఎవరూ ఎవరినీ మంచినీళ్ళు కావాలా అని అడగరు. అది పిసినారితనం కాదు, మర్యాద. మేడమీద బారుగా ఇరవై రెండు కుట్టుమిషన్లు, వాటి ముందు ఇరవై రెండు మంది ఆడవాళ్ళు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం ఆరుకు గాని లేవరు. ఈ మధ్యలో గొంతు తడుపుకున్న మనిషి మెట్లు దిగి, కూరగాయల వరస దాటి, రెండు రోడ్లు దాటి, బస్ స్టాండు దాకా నడవాలి. అంచేత అక్కడ ఒకరికి గ్లాసు అందించడమంటే వాళ్ళను ఇరకాటంలో పెట్టడమే.

మెట్ల పక్కన మరుగుదొడ్డి లేకపోలేదు. నాలుగేళ్ళ క్రితం కట్టారు. పలకలు పరిచారు, కుళాయిలు బిగించారు, తలుపుకు నీలం రంగు వేశారు. వార్డు మెంబరు గారు స్వయంగా వచ్చి రిబ్బను కత్తిరించారు. మరునాడు దానికి తాళం పడింది. నీళ్ళ కనెక్షన్ రావాలన్నారు, వచ్చింది. శుభ్రం చేసే మనిషిని వెయ్యాలన్నారు, వేశారు. ఆమె ప్రతి సోమవారం వచ్చి తాళాన్ని చూసి వెళ్ళేది. చివరికి తాళంచెవి ఆఫీసులో ఉందన్నారు. ఏ ఆఫీసులో అని అడిగితే, పై ఆఫీసులో అన్నారు. పైన ఆకాశం తప్ప మరేమీ కనిపించలేదు.

ఆనాడు రిబ్బను కత్తిరించిన కత్తెర అంగుళాలమ్మది. ఆమె అసలు పేరు వేరే ఉంది గాని, కొలతలో అర అంగుళం తేడా వస్తే కుట్టంతా విప్పించే ఆ పెద్దావిడను మార్కెట్టంతా వెనకాల అలాగే పిలిచేది. బట్ట కత్తిరించే కత్తెరతో మరో వస్తువును ముట్టుకోనివ్వడం ఆమె ధర్మశాస్త్రంలో లేదు. అయినా ఆడవాళ్ళకు మేలు జరుగుతుంది కదా అని ఆ ఒక్కసారికి ఇచ్చింది. రిబ్బనుకు జరీ అంచు ఉంది. కత్తెర పదును పోయింది, తలుపూ తెరుచుకోలేదు. రెండు నష్టాలనూ ఆమె మరిచిపోలేదు.

ఇప్పుడు మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఆదివారం ఓట్లు. ఈసారి అంగుళాలమ్మకు ఇది మామూలు ఎన్నిక కాదు. ముప్ఫై ఏళ్ళుగా తన పక్క మిషన్ మీద కూర్చునే కాజాలావిడ కిందటి నెలలో నడుం పట్టుకుని ఒరిగిపోయింది. ఆవిడ చేతి కాజా చూస్తే బొత్తానికి తనంతట తానే దూరాలనిపిస్తుందని పేరు. డాక్టరు పరీక్షలన్నీ చేసి, మూత్రపిండాల్లో రాళ్ళున్నాయని చెప్పాడు. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగితే పనిచెయ్యొచ్చు, లేదంటే పని మానెయ్యాలి, మూడో దారి లేదు అన్నాడు. కాజాలావిడ మూడు నెలలు చూస్తానంది. ఆ గడువులోగా తలుపు తెరిపించే మనిషి ఎవరన్నదే అంగుళాలమ్మ తేల్చుకోవలసిన సంగతి. తేలడం లేదు.

పోటీలో ఇద్దరే. ఒకరు పాత మెంబరు గారు. ఆయన నోట్లో చక్కెర బస్తా ఉన్నట్టు మాట్లాడతాడు. ఎదురైన ప్రతివారినీ వరసపెట్టి పిలుస్తాడు, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అని అడుగుతాడు. రెండో ఆయన నాలుగు వీధుల అవతల తూకపు కాటాలు బాగుచేసే మేస్త్రి. ఆయన నోరు విప్పితే ఎవరో ఒకరు నొచ్చుకోవడం ఖాయం. మార్కెట్లో సగం కాటాలు తప్పుగా తూగుతున్నాయని నడివీధిలో చెప్పిన మనిషి. మొన్న ప్రచారానికి వచ్చినప్పుడు ఆడవాళ్ళు తలుపు సంగతి ఎత్తితే, "అది ఎవరి చేతిలో ఉందో నాకు తెలీదు. తెలీకుండా మాట ఇవ్వను" అని చెప్పి దిగిపోయాడు. ఓటడగడానికి వచ్చి ఆమాత్రం అబద్ధం కూడా చెప్పకపోతే ఎలా అని మేడంతా గునిసింది.

ఇంట్లోనూ చీలికే. అంగుళాలమ్మ తమ్ముడు మేడమీదే గుండీలు, దారాలు అమ్ముతాడు. అతను మేస్త్రి పక్షం. అతని భార్య, అంటే అంగుళాలమ్మ మరదలు, మెంబరు గారి పక్షం. ఆలుమగలు పక్కపక్క స్టూళ్ళ మీద కూర్చుని రోజుకు నాలుగుసార్లు విడిపోయేవాళ్ళు.

"వదినా, మీ తమ్ముడికి బుద్ధి చెప్పండి. ఆ కాటాల మనిషి గెలిస్తే నవ్విన వాళ్ళకి కూడా జుల్మానా వేస్తాడు" అంది మరదలు.

"అక్కా, దీనికి మోకాళ్ళు బాగున్నాయా అని అడిగితే చాలు, ఇల్లు రాసిచ్చేస్తుంది" అన్నాడు తమ్ముడు.

"మీరు పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారి అడిగారా?"

"నీ మోకాళ్ళు కనిపిస్తే కదా, నోరే అడ్డం."

మేడంతా కిసుక్కుమంది. కాజాలావిడ మిషన్ ఆపి, "పెద్దమ్మా, మీరు ఒక్క మాట చెప్పండి. మేమంతా అక్కడే నొక్కేస్తాం" అంది.

"చెప్పను" అంది అంగుళాలమ్మ, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ. "ఓటు అరువు జాకెట్టు కాదు, ఒకరిది ఇంకొకరు తొడుక్కోవడానికి. ఎవరి కొలత వాళ్ళే తీసుకోవాలి."

గంభీరంగానే అంది గాని, తన కొలతే తనకు దొరకడం లేదని ఎవరికీ చెప్పలేదు.

కొలత తీసుకునే అవకాశం తనంతట తానే వచ్చింది. ఇరవై రెండు ఓట్లున్న మేడమీద బట్టలు కుట్టించుకుంటే మంచిదని మెంబరు గారికి ఎవరో చెప్పారు. గెలుపు ఊరేగింపుకని కోటూ ప్యాంటూ కుట్టమన్నాడు. మేస్త్రికి ఉన్న ఒక్క కోటుకీ మోచేతులు చిరిగాయని ఆయన భార్య తరిమింది. ఆయనా వచ్చి కోటూ ప్యాంటూ కుట్టమన్నాడు. అంగుళాలమ్మకు ఒక నమ్మకం ఉండేది. నడుంకొలత తీసేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకునే మనిషి మాట నమ్మకూడదు. టేపు చుట్టి, తలుపు సంగతి అడిగింది. మెంబరు గారు "గెలవగానే మొదటి పని అదే" అంటూ ఊపిరి బిగబట్టాడు. మేస్త్రి "చెప్పాను కదా, తెలీదు" అంటూ, మెంబరుకంటే ఇంకో అంగుళం ఎక్కువ బిగబట్టాడు. నలభై ఏళ్ళ సిద్ధాంతం ఒక్క పూటలో కుప్పకూలింది. మగవాడన్నవాడు టేపు ముందు నిజం చెప్పడని ఆమె ఆ రోజున నిర్ధారించుకుంది.

గురువారం ఇద్దరికీ ట్రయల్. ముందు మెంబరు గారు. అంగుళాలమ్మ ట్రయల్ అంటే అరగంటలో తేలేది కాదు. కచ్చాకుట్టు వేసిన కోటూ ప్యాంటూ ఒంటికి తొడిగి, భుజం నుంచి చీలమండ దాకా గుండుసూదులు గుచ్చుతూ పోతుంది. సూదులన్నీ పడ్డాక మనిషి దిష్టిబొమ్మలా చేతులు చాపుకుని నిలబడాలి. విప్పాలంటే ఇరవై నిమిషాలు.

తమ అభిమాన నాయకుడు అంతసేపు నిలబడటం చూసి మరదలి మనసు ఆగలేదు. మేడ మర్యాద మరిచిపోయింది. కిందినుంచి టీ తెప్పించింది. మళ్ళీ తెప్పించింది. నిమ్మరసం కలిపింది. ఆయన ఎవరి మాటా కాదనలేని మనిషి, ఇచ్చినదల్లా తాగాడు. రెండు టీలు, రెండు గ్లాసుల నిమ్మరసం, ఒక చెంబు మంచినీళ్ళు. గంట గడిచేసరికి చక్కెర మాటలు తగ్గాయి. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చాడు.

"కదలకండి, సూది గుచ్చుకుంటుంది" అంది అంగుళాలమ్మ.

"అది కాదు పెద్దమ్మా. ఇక్కడ... కాస్త చేతులు కడుక్కునే చోటు..."

"మెట్ల పక్కనే ఉంది. మీరే ప్రారంభించారు."

మెంబరు గారు ఆమెను చూశాడు, మెట్లకేసి చూశాడు. సూదులున్న చేత్తోనే జాగ్రత్తగా ఫోను తీసి ఎవరితోనో నాలుగు ముక్కలు మాట్లాడాడు. అంగుళాలమ్మ గోడగడియారం చూసింది. సరిగ్గా ఎనిమిది నిమిషాలకు ఒక మనిషి స్కూటర్ మీద వచ్చి తాళం తీశాడు. మెంబరు గారు చేతులు చాపుకునే మెట్లు దిగి లోపలికి వెళ్ళాడు. ఇరవై రెండు మిషన్లూ ఆగిపోయాయి. లోపల కుళాయి ధారగా పడుతున్న చప్పుడు అందరికీ వినిపించింది. ఆయన బయటికి రాగానే స్కూటర్ మనిషి తలుపు వేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మెంబరు గారు ముఖం వికసించి పైకొచ్చాడు. "చూశారా అమ్మలూ, నీళ్ళు ఎంత బ్రహ్మాండంగా వస్తున్నాయో. గెలవగానే మీకూ తెరిపిస్తాను."

అంగుళాలమ్మ ఒక్కొక్క సూదీ తీసి డబ్బాలో వేసింది. నాలుగేళ్ళు ఎదురుచూసిన తాళంచెవి ఎనిమిది నిమిషాల దూరంలో ఉంది. ఆమెకు కోపం రాలేదు. కోపం కంటే చల్లగా, నిటారుగా ఉండేది ఏదో వచ్చింది.

ఆయన వెళ్ళాక తమ్ముడు చంకలు గుద్దుకున్నాడు. "తేలిపోయింది కదా అక్కా. ఇక మేస్త్రే."

"ఏం తేలింది? ఒక చెయ్యి పొట్టిదయితే రెండో చెయ్యి సరిపోయినట్టా? ఆయననీ తొడిగి చూడాలి." మరదలి వైపు తిరిగింది. "ఆయనకి ఏమేం ఇచ్చావు?"

మరదలు తలవంచుకుని లెక్క చెప్పింది.

"ఈయనకీ అవే. ఒక్క గుక్క తగ్గడానికి వీల్లేదు. న్యాయమంటే ఇద్దరికీ ఒకే కొలత."

మధ్యాహ్నం మేస్త్రి వచ్చాడు. రాగానే తమ్ముడి కౌంటరు మీద గుండీలు తూచే చిన్న కాటాను వేలితో నొక్కి, "ఇది రెండు గ్రాములు తప్పు చూపిస్తోంది" అన్నాడు.

"నేను మీ పక్షమండీ" అన్నాడు తమ్ముడు నీరసంగా.

"అయితే నా పక్షమే రెండు గ్రాములు తప్పన్నమాట."

మరదలికి ఆ రోజు అదొక్కటే సంతోషం. సూదులు పడ్డాయి. టీలు వచ్చాయి. మేస్త్రి వద్దంటూనే తాగాడు. మరదలు గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితే వద్దనగలిగిన మగవాడు ఆ మేడమీద లేడు. చెంబు ఖాళీ అయిన పావుగంటకు ఆయన కూడా ఆ ప్రశ్నే అడిగాడు. కిందికి వెళ్ళాడు. తాళం చూసి పైకొచ్చాడు.

"తాళం వేసుంది."

"ఉంటుంది" అంది అంగుళాలమ్మ.

"మరి మీరంతా?"

"బస్ స్టాండుకి."

మేస్త్రి గబగబా దిగాడు. కచ్చాకుట్టు ప్యాంటులో, ఒక చెయ్యి లేని కోటుతో, ఒళ్ళంతా సూదులతో కూరగాయల వరసలోంచి నడిచాడు. ఆయన చేత తూకం తప్పనిపించుకున్న వ్యాపారులంతా లేచి నిలబడి మరీ చూశారు. ఒకాయన తక్కెడ పట్టుకుని, "మేస్త్రీ, మీకు కుట్టు తక్కువ తూగినట్టుంది" అన్నాడు. మేస్త్రి ఆగలేదు, ఆగే పరిస్థితి కాదు.

ఇరవై ఆరు నిమిషాలకు తిరిగొచ్చాడు. మూడు చోట్ల సూదులు గుచ్చుకున్నాయి. బస్ స్టాండులో చిల్లర లేకపోతే లోపలికి వదలరని ఆయనకు ఆ రోజే తెలిసింది. ముఖం ఎర్రబడింది.

"మీరు రోజూ ఇలా నడుస్తారా?" కాజాలావిడను అడిగాడు.

"లేదండీ. మేం నీళ్ళు తాగం."

మేస్త్రి సూదులున్న సంగతి మరిచిపోయి స్టూలు మీద కూర్చున్నాడు, వెంటనే లేచాడు. "నాలుగు వీధుల అవతల పదిహేనేళ్ళుగా ఉంటున్నాను. గ్రాము తేడా వస్తే పట్టుకుంటానని గొప్పలు చెప్పుకుంటాను. ఇది నాకు తెలీలేదు" అన్నాడు. గొంతు తగ్గింది. "మొన్న మీరు అడిగినప్పుడు తెలుసుకుని ఉండాల్సింది. తెలీదని చెప్పి చేతులు దులుపుకున్నాను. తప్పు నాదే."

అంగుళాలమ్మ చేతిలోని సూది గాలిలో ఆగింది. రాజకీయంలో ఉన్న మనిషి నోట ఆ ఆఖరి మాట వినడం ఆమెకు జీవితంలో మొదటిసారి.

"అయినా మీకు తాళంచెవి ఎందుకు?" అన్నాడు మేస్త్రి, తన మామూలు గొంతులోకి వచ్చేసి. "తాళం వేసింది గొళ్ళేనికి. ఆ గొళ్ళెం స్క్రూలు నాలుగూ బయటివైపే బిగించారు. నేనే తీసేద్దును. పోటీలో ఉన్నవాడు ఓట్ల కోసం తీశాడంటారు. అది నిజం కూడా అవుతుంది. గది మీది. పన్నులు కట్టేది మీరు. మీ దగ్గర స్క్రూడ్రైవర్ ఉందా?"

మేడమీద ఒక్క క్షణం సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. ఒక సూది పడింది కూడా. కాజాలావిడ మెల్లగా తన మిషన్ సొరుగు లాగి, బాబిన్ల మధ్యనుంచి చిన్న స్క్రూడ్రైవర్ పైకెత్తింది. పక్కావిడ తన సొరుగు లాగింది. ఆ పక్కావిడ. ఆ పక్కావిడ. మిషన్ కొన్నప్పుడు ప్రతి సొరుగులోనూ వచ్చేది అదొకటి. ఇరవై రెండు స్క్రూడ్రైవర్లు ఒళ్ళో పెట్టుకుని ఇరవై రెండు మంది నాలుగేళ్ళు ఒక తాళంచెవి కోసం ఎదురుచూశారు.

మొదట నవ్వింది మరదలు. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. కాజాలావిడ నడుం పట్టుకుని నవ్వింది, ఈసారి నొప్పి వల్ల కాదు. తాను నవ్వలేదని అంగుళాలమ్మ తర్వాత వాదించింది గాని, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం తమ్ముడు చూశాడు.

అందరూ మెట్లకేసి కదిలారు.

"ఆగండి" అంది అంగుళాలమ్మ. "మనం దొంగలం కాదు. ముందు ఉత్తరం, తర్వాత స్క్రూ."

నిటారుగా కూర్చుని, మార్జిను గీసి, గుండ్రటి చేతిరాతతో రాసింది: 'అయ్యా, మా పన్నులతో కట్టిన మరుగుదొడ్డి తలుపుకు ఉన్న నాలుగు స్క్రూలను ఈ రోజు మేము తీశాము. తాళాన్ని ముట్టుకోలేదు. అది క్షేమంగా ఉన్నది. తాళంచెవి మా చేతికి ఇచ్చిన రోజున మీ స్క్రూలు మీకు అప్పగించగలము.' కింద ఇరవై రెండు సంతకాలు.

మూడు స్క్రూలు ముగ్గురు తీశారు. నాలుగోది కాజాలావిడ తీసింది. తాళం కప్పతో సహా గొళ్ళెం ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. నీలం తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. లోపలి గడియ శుభ్రంగా పనిచేసింది. సూదుల కోటులో మెట్ల మీద నిలబడి ఉన్న మేస్త్రి, మర్యాదగా గోడవైపు తిరిగాడు. మరదలు మంచినీళ్ళ బిందె నింపి మేడ నడిమధ్యన పెట్టి, కొసరి కొసరి తాగించింది. సాయంత్రం దాకా కుట్టు పని సగమే జరిగింది. అంగుళాలమ్మ ఎవరినీ ఏమీ అనలేదు.

శనివారం రెండు కోట్లూ సిద్ధమయ్యాయి. మెంబరు గారి కోటులో ఒక్క కుట్టు వంకర పోలేదు. ఓటు వేరు, కుట్టు వేరు. రెండింటికీ నడుం దగ్గర చెరో రెండంగుళాలు వదిలింది. గెలిచినా ఓడినా మనిషి ఊపిరి పీల్చుకోవాలి కదా. ఆఫీసుకు పంపిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు. నాలుగు స్క్రూలూ చిన్న కవర్లో, పైన తేదీ వేసి, ఆమె సొరుగులో ఉన్నాయి.

ఆదివారం పొద్దున బూత్ ముందు వరస రోడ్డు మలుపు దాకా ఉంది. అంగుళాలమ్మ వెనక కాజాలావిడ, ఆమె వెనక మరదలు, తమ్ముడు. కాజాలావిడ చేతిలో లీటరు సీసా.

"వదినా, ఒక సంగతి చెప్తాను, మీ తమ్ముడికి చెప్పకండి" అంది మరదలు, తమ్ముడికి వినిపించేలా. "నాలుగేళ్ళుగా నా మోకాళ్ళ గురించి అడిగినాయన, ఆ మోకాళ్ళతో బస్ స్టాండు దాకా ఎలా నడుస్తున్నావని ఒక్కసారి అడగలేదు."

"నేను ఇప్పుడు అడుగుతున్నాను" అన్నాడు తమ్ముడు. "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"మీ కాటా సరిచేయించుకుని అప్పుడు అడగండి."

అంగుళాలమ్మ లోపలికి వెళ్ళింది. అట్ట తెర వెనక ఒంటరిగా నిలబడింది. తెలియనిది తెలియదని చెప్పి, తెలిశాక సిగ్గుపడి, ఇది మీది, మీరే తీసుకోండి అన్న మనిషి గుర్తు ఎక్కడుందో వెతికింది. కింద గడిలో ఉంది. గెలిస్తే మొదటి వారంలోనే తాళంచెవి అడగాలి. ఇవ్వకపోతే ఈయనకీ ఒక ఉత్తరం, ఇంతే మర్యాదగా. అలా అనుకుని, దారం తెంపినంత తేలిగ్గా నొక్కేసింది.

బయటికొచ్చి, ఎండలో చెట్టు కింద నిలబడిన కాజాలావిడ చేతిలోంచి సీసా అందుకుని గటగటా సగం తాగింది. అరవై ఆరేళ్ళ మనిషి, నడివీధిలో, మూతి తుడుచుకోకుండా.

"పెద్దమ్మా, నాకుంచండి. మూడు లీటర్లు నా కోటా" అంది కాజాలావిడ.

"మేడమీద బిందె ఉంది, పద" అంది అంగుళాలమ్మ.

ఆదివారం మార్కెట్ సెలవని ఇద్దరికీ తెలుసు. అయినా నడిచారు.